మీకు తెలుసా? ఎడారి కోడలైన ఇంగ్లిషు దొరసాని

ఆమెకు యాభై దగ్గర పడుతున్నాయి. అతను ఆమెకంటే ఇంచుమించు ఇరవై ఏళ్లు చిన్న. ఆమె లండన్‌లో ఒక ప్రభువు వదిలేసిన భార్య, జర్మనీలో ఒక బారన్‌ను వదిలి వచ్చిన భార్య, గ్రీసులో ఒక కౌంటుతో తెగతెంపులు చేసుకున్న భార్య. అతనేమో సిరియా ఎడారిలో మేకవెంట్రుకల గుడారాల్లో బతికే బెదూయిన్. పాల్మైరా శిథిలాలు చూడాలని వచ్చే యాత్రికులను ఒంటెల మీద తీసుకెళ్లి, దోపిడీగాళ్ల బారిన పడకుండా తిరిగి తెచ్చి దిగబెట్టడం అతని తెగకు ఒక జీవనాధారం. 1850ల మధ్యలో వీళ్లిద్దరూ పెళ్లాడారు. డమాస్కస్‌లోని బ్రిటిష్ కాన్సల్ ఆపాలని చూశాడు. లండన్ పెద్దమనుషులు నవ్వారు. ఆ కాపురం 1881లో ఆమె కన్నుమూసేదాకా, పాతికేళ్లకు పైగా సాగింది.

ఆమె పేరు జేన్ డిగ్బీ. అతని పేరు మెజ్వెల్ అల్ మెజ్రాబ్. పరువు పోయిన దొరసాని, ఆమెను చేరదీసిన మామూలు మనిషి అనే ఇతివృత్తంతో విక్టోరియా రాణి కాలంలో నవలలు వచ్చాయి, ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఈ నిజం కథ ముందు అవి చప్పగా ఉంటాయి. అప్పటి నవలల్లో గడప దాటిన ఆడది చివరి అధ్యాయానికల్లా చచ్చిపోవాలి, లేదా ఏడుస్తూ క్షమాపణ అడగాలి. జేన్ ఈ రెండూ చేయలేదు.

తల్లీ అంతే!

ఒక ప్రభువుగారి భార్య మామూలు మనిషిని పెళ్లాడటం ఆ ఇంట్లో కొత్తేమీ కాదని తెలుసా? జేన్ తల్లి నార్ఫోక్‌లోని హోల్కం హాల్ జమీందారు థామస్ కోక్ కూతురు. మొదటి భర్త వైకౌంట్ ఆండోవర్ 1800లో వేటలో తుపాకీ ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాత ఆమె పెళ్లాడిన హెన్రీ డిగ్బీ నౌకాదళంలో కెప్టెన్. మంచి వంశమే గానీ, అతనికి సొంతంగా ప్రభు బిరుదేమీ లేదు. డబ్బుకు మాత్రం కొదవ లేదు. 1799లో వెండి మోసుకొస్తున్న స్పెయిన్ ఓడలను పట్టుకున్నందుకు అందులో పాల్గొన్న ఒక్కో కెప్టెన్ వాటాకు 40 వేల పౌన్లకు పైగా వచ్చాయి. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో 'ఆఫ్రికా' అనే నౌకను నడిపింది ఇతనే. విశేషమేమిటంటే, రెండో పెళ్లయ్యాక కూడా జేన్ తల్లిని లోకం లేడీ ఆండోవర్ అనే పిలిచింది. భర్త పోయాక చేసుకున్న పెళ్లి కాబట్టి మర్యాదకు లోటు రాలేదు. కూతురు విషయానికి వచ్చేసరికి ఆ మర్యాదే మాయమైంది.

ఇంతకీ సామాన్యుడంటే ఎవరు?

మనం అనుకునే సామాన్యుడు వేరు, బ్రిటిష్ చట్టం అనుకునే సామాన్యుడు వేరు. ప్రభు బిరుదు తన పేరున లేనివాడు ఎంత కోటీశ్వరుడైనా, దేశ ప్రధాని అయినా చట్టం దృష్టిలో సామాన్యుడే. డ్యూక్ పెద్దకొడుకు కూడా తండ్రి బతికున్నంత కాలం సామాన్యుడే, అతని బిరుదు మర్యాదకు పిలిచేది మాత్రమే. ఆ లెక్కన సాక్షాత్తూ విక్టోరియా రాణి కూతురే సామాన్యుడిని పెళ్లాడింది! 1871లో యువరాణి లూయీజ్ చేసుకున్న మార్క్విస్ ఆఫ్ లోర్న్ అప్పటికి హౌస్ ఆఫ్ కామన్స్‌లో సభ్యుడు. ఆర్గైల్ డ్యూక్ అయింది 1900లో, తండ్రి పోయాక. మధ్యలో అతను కెనడాకు గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు. అక్కడి అల్బర్టా రాష్ట్రానికి ఆ పేరు ఈ యువరాణి పూర్తి పేరు నుంచే వచ్చింది.

ఇది పైపై సామాన్యత. మెజ్వెల్‌ది అలాంటిది కాదు. మతం, రంగు, భాష, దేశం అన్నీ వేరు.

పార్లమెంటులో పడకగది

జేన్‌కు పదిహేడో ఏట, 1824లో, లార్డ్ ఎలెన్‌బరోతో పెళ్లయింది. అతనికి 34. మొదటి భార్య పోయింది. రాజకీయాలంటే పడిచచ్చే మనిషి, ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఆమె మొదట తన పిన్ని కొడుకు జార్జ్ ఆన్సన్‌కు దగ్గరైందని, ఆ తర్వాత ఆస్ట్రియా రాయబార కార్యాలయంలో పనిచేసే ఫెలిక్స్ ష్వార్జెన్‌బర్గ్ అనే రాకుమారుడితో పీకల్లోతు ప్రేమలో పడిందని లండన్ అంతా చెప్పుకుంది. 1828 డెర్బీ పందెంలో 'కర్నల్' అనే గుర్రాన్ని 'క్యాడ్‌ల్యాండ్' అనే గుర్రం ఓడించింది. కర్నల్ ఆన్సన్‌ను వెనక్కి నెట్టిన ఆ రాకుమారుడికి ఊరివాళ్లు వెంటనే క్యాడ్‌ల్యాండ్ అని పేరు పెట్టేశారు. ఊరి నోరు ఎక్కడైనా ఊరి నోరే.

1829లో ఆమె ఇల్లు వదిలి యూరప్ వెళ్లిపోయింది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో రాకుమారుడికి కూతుర్ని కన్నది. అక్కడ ఇంగ్లండులో విడాకుల తతంగం మొదలైంది. అప్పట్లో కోర్టుకెళ్లి విడాకులు తెచ్చుకునే వీలు లేదు. ముందు చర్చి కోర్టులో వేరుపడటానికి అనుమతి తెచ్చుకోవాలి, కానీ దానితో మళ్లీ పెళ్లి చేసుకోవడం కుదరదు. పూర్తిగా తెంచుకోవాలంటే ఆ ఒక్క జంట కోసం పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేయాలి. అంటే బిల్లు పెట్టాలి, సాక్షులను సభకు పిలవాలి, రెండు సభలూ ఒప్పుకోవాలి, రాజుగారు ఆమోదించాలి. బ్రైటన్‌లోని ఒక హోటల్ పనివాడు తలుపు చాటు నుంచి ఏం విన్నాడో కూడా సభలో సాక్ష్యంగా చెప్పించారు. పత్రికలకు పండగ. 1830లో బిల్లు గట్టెక్కింది. అదే ఏడాది మొదట్లో ఎలెన్‌బరో ఇంట్లో పెరుగుతున్న ఆమె రెండేళ్ల కొడుకు చనిపోయాడు.

1857లో విడాకుల కోర్టు వచ్చేదాకా ఇలా పార్లమెంటు ద్వారా తెగిన పెళ్లిళ్లు మూడు వందల పైచిలుకు. వాటిలో భార్యలు అడిగి సాధించుకున్నవి నాలుగే నాలుగు. ఈ ఒక్క అంకె చాలు, ఎవరి కోసం ఎవరు చేసిన చట్టాలో చెప్పడానికి.

మగవాళ్లకేమైంది?

పరువు పోయింది ఒక్కరికే. తక్కిన ముగ్గురి సంగతి చూడండి.

ష్వార్జెన్‌బర్గ్ ఆమెను పెళ్లాడలేదు. 1848లో ఆస్ట్రియా ప్రధాని అయ్యాడు. యూరప్ చరిత్ర పుస్తకాల్లో ఆయన గొప్ప రాజనీతిజ్ఞుడు.

ఎలెన్‌బరో విడాకుల నాటికే ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డు ఆఫ్ కంట్రోల్‌కు అధ్యక్షుడు. మద్రాసు ప్రెసిడెన్సీలోని మన తెలుగు జిల్లాల వ్యవహారాలు కూడా ఆ బోర్డు కిందివే. 1842లో ఏకంగా గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. సింధును కలుపుకున్నది, గ్వాలియర్ మీదికి సేనను నడిపింది ఇతని హయాంలోనే. 1843లో బానిసత్వానికి కోర్టుల గుర్తింపు తీసేసిన చట్టం కూడా ఇతని కాలంలోదే, అది ఒప్పుకోవాలి. కానీ ఇతని పేరు చెప్పగానే గుర్తొచ్చేది తలుపుల ప్రహసనం. అఫ్ఘానిస్తాన్‌లోని గజనీ మహమూద్ సమాధి నుంచి బ్రిటిష్ సైన్యం ఊడబెరికి తెచ్చిన తలుపులు సోమనాథ్ ఆలయానివని, ఎనిమిది వందల ఏళ్ల అవమానానికి బదులు తీర్చానని ఇతను ఆర్భాటంగా ప్రకటన చేశాడు. తీరా పరిశీలిస్తే అవి గంధపు చెక్క కాదు, దేవదారు. పనితనం కూడా గుజరాతుది కాదు. పార్లమెంటులో మెకాలే దుమ్మెత్తి పోశాడు. సోమనాథ్ దాకా పోకుండానే తలుపులు ఆగ్రా కోటలో ఆగిపోయాయి, నేటికీ అక్కడే ఉన్నాయి. 1844లో కంపెనీ డైరెక్టర్లు ఇతన్ని వెనక్కి పిలిపించారు. శిక్ష పడిందనుకునేరు, స్వదేశం చేరగానే ఎర్ల్‌గా పదోన్నతి ఇచ్చారు!

ఇక జార్జ్ ఆన్సన్. 1856లో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యాలకు సర్వసేనాని అయ్యాడు. 1857లో సిపాయిలు తిరగబడి ఢిల్లీ పట్టుకున్నప్పుడు సేనతో బయలుదేరి, దారిలో కర్నాల్ దగ్గర కలరాతో చనిపోయాడు. ఒకే స్త్రీ పేరుతో లండన్ కబుర్లకెక్కిన ఇద్దరు మగవాళ్లు పద్నాలుగేళ్ల తేడాతో మన దేశంలో అత్యున్నత పదవులు వెలగబెట్టారన్నమాట. ఆ స్త్రీకి మాత్రం లండన్‌లో మంచి ఇంటి తలుపు తెరుచుకోలేదు.

రాజుగారి గోడ మీద

జర్మనీలోని మ్యూనిక్‌లో నింఫెన్‌బర్గ్ రాజభవనానికి వెళ్తే, ఒక గదిలో 36 మంది అందగత్తెల చిత్రాలు కనిపిస్తాయి. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ ముచ్చటపడి గీయించుకున్నవి. చెప్పులు కుట్టేవాడి కూతురి నుంచి రాకుమార్తెల దాకా అందులో ఉన్నారు. 1831లో యోసెఫ్ స్టీలర్ గీసిన జేన్ చిత్రం కూడా ఉంది. ఇంగ్లండు గెంటేసిన మనిషిని బవేరియా గోడకెక్కించింది. ఆమె బారన్ వెన్నింగెన్‌ను పెళ్లాడింది, గ్రీకు కౌంట్ స్పిరిడాన్ థియొటోకిస్ కోసం అతన్ని వదిలింది. ఆ ఇద్దరు మగవాళ్లూ ద్వంద్వయుద్ధానికి దిగారు, కౌంటు గాయపడి బతికాడు. థియొటోకిస్‌కు కన్న కొడుకు ఆరేళ్లవాడు మేడ మెట్ల దగ్గర జారిపడి చనిపోవడంతో ఆ కాపురమూ ముగిసింది. ఆ తర్వాత ఏథెన్స్‌లో హజీ పెట్రోస్ అనే కొండదండు సేనాని. అతనూ మోసం చేశాడు.

ఈ వరస చదివి ముక్కున వేలేసుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇన్ని పెళ్లిళ్లలో, ప్రేమల్లో ఆమె బిడ్డలను పోగొట్టుకుంటూనే వచ్చింది, కొందరిని చావుకు, కొందరిని తండ్రుల ఇళ్లకు. ఆమెది విలాసయాత్ర అని రాసినవాళ్లు ఈ లెక్క రాయలేదు.

ఒంటెలు తోలేవాడా, షేకుగారా?

1853లో సిరియా వచ్చిన ఆమెకు పాల్మైరా దారిలో రక్షకుడిగా కుదిరినవాడు మెజ్వెల్. దారిలో దొంగలు మీద పడితే అతను తరిమికొట్టాడని, ఆ దాడి కూడా యాత్రికులను భయపెట్టడానికి అప్పుడప్పుడు ఆడించే నాటకమేనని రెండు రకాలుగానూ చెప్తారు. ఏదైనా, ముందుగా పెళ్లి మాట ఎత్తింది అతనే. అప్పటికే ఉన్న భార్యను వదిలి ఈమెను చేసుకున్నాడు. ఆ మొదటి భార్య గురించి ప్రేమకథలు రాసేవాళ్లెవరూ రెండు వాక్యాలకు మించి రాయరు. ఈ కథలో నాకు ఇబ్బందిగా ఉండే చోటు అదే.

లండన్ పత్రికలకు మెజ్వెల్ ఒంటెలు తోలేవాడు. ఎడారి లెక్క వేరు. అనజా తెగల్లో మెజ్రాబ్ చిన్న శాఖే అయినా, అతను షేకుల ఇంటివాడు, చదవడం రాయడం వచ్చినవాడు. వంశానికి పెద్దపీట వేసే ఆ సమాజంలో పరాయి మతం, పరాయి దేశం మనిషిని తెచ్చుకోవడం అతని వైపు వాళ్లకే నామోషీ. ఎవరు ఎవరి కోసం మెట్టు దిగారో చెప్పడం మీరనుకున్నంత తేలిక కాదు.

వాళ్లు చేసుకున్న ఒప్పందం చూడముచ్చటగా ఉంటుంది. ఏడాదిలో సగం డమాస్కస్‌లో ఆమె కట్టించుకున్న ఇంట్లో, తోటల మధ్య. మిగతా సగం ఎడారిలో, గుడారంలో, అరబ్బు దుస్తుల్లో. అక్కడ ఆమె ఒంటె పాలు పితికేది, జుట్టుకు నల్లరంగు వేసుకునేది, హుక్కా పీల్చేది, అరబ్బీ మాట్లాడేది. తెగల కొట్లాటల్లో భర్త వెంట గుర్రమెక్కేది. ఆమె తెల్లటి రంగును చూసి అక్కడివాళ్లు 'ఉమ్ అల్ లబన్', అంటే పాలతల్లి, అని పిలిచారు. విడాకుల తర్వాత కూడా ఆమెకు ఇంగ్లండు నుంచి ఏటా వస్తూ ఉన్న సొమ్ము తెగ అవసరాలకూ ఆదుకునేది. 1856 చివర్లో పుట్టింటికి ఒకసారి వెళ్లి, కొన్ని నెలలుండి తిరిగి వచ్చేసింది. మళ్లీ ఇంగ్లండు ముఖం చూడలేదు.

1860లో డమాస్కస్‌లో క్రైస్తవుల ఊచకోత జరిగినప్పుడు ఆమె ఊరు వదల్లేదు. అల్జీరియా నుంచి ప్రవాసంలో ఉన్న అమీర్ అబ్దుల్ ఖాదిర్ వేలమంది క్రైస్తవులకు ఆశ్రయమిచ్చి కాపాడింది అప్పుడే.

ఆమె దినచర్య మనకు తెలిసేలా రాసినవాళ్లలో ముఖ్యురాలు ఇసబెల్ బర్టన్. ఈమె భర్త రిచర్డ్ బర్టన్ 1869 నుంచి 1871 దాకా డమాస్కస్‌లో కాన్సల్. తర్వాత వాత్స్యాయన కామసూత్రాలను ఇంగ్లిషులో అచ్చు వేయించిన బర్టన్ ఇతనే. జేన్ భర్తకు కాళ్లు కడిగేదని, అతను తింటుంటే నిలబడి వడ్డించేదని ఇసబెల్ విస్తుపోతూ రాసింది. ఆమెను అంతకన్నా కలవరపెట్టింది మెజ్వెల్ చర్మం రంగు, ఆ మాటా దాచుకోకుండా రాసింది. స్నేహితురాలి తీరే అదైతే, లండన్ విందుల్లో ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

బతికుండగానే సంతాపం

1873లో జేన్ చనిపోయిందని యూరప్ పత్రికలు అచ్చేశాయి. ఆమె మొగుళ్ల జాబితా, దాని చివర ఒంటెలు తోలేవాడు, మొత్తం మసాలాతో. ఇసబెల్ బర్టన్ స్నేహధర్మంగా పత్రికకు జవాబు రాస్తూ, జేన్ తన జీవితకథను తనకు చెప్పి రాయించిందని కూడా అనేసింది. అప్పటికి నిక్షేపంగా ఉన్న జేన్ అదంతా చదివి, అలాంటిదేమీ లేదని మండిపడింది. తర్వాత ఎనిమిదేళ్లు బతికింది. కవి బైరన్ మనవరాలు ఆన్ బ్లంట్, ఆమె భర్త అరబ్బు గుర్రాల కోసం డమాస్కస్ వచ్చినప్పుడు ఈ దంపతులను కలుసుకున్నారు.

1881 ఆగస్టు 11న విరేచనాల జబ్బుతో ఆమె పోయింది. ప్రొటెస్టంట్ల శ్మశానంలో పాతిపెట్టారు. మూసి ఉన్న గుర్రపుబండిలో కూర్చోలేక మెజ్వెల్ ఊరేగింపు మధ్యలోంచి దూకి పారిపోయాడని, సమాధి దగ్గరికి ఆమె గుర్రం మీద తిరిగి వచ్చాడని చెప్తారు.

నవలల్లో అయితే...

1861లో హెన్రీ వుడ్ గారి భార్య రాసిన 'ఈస్ట్ లిన్' విక్టోరియన్ ఇంగ్లండును కళ్లనీళ్లు పెట్టించిన నవల. దివాలా తీసిన ఒక ఎర్ల్ కూతురు లేడీ ఇసబెల్ ఊళ్లో లాయరును పెళ్లాడుతుంది, ఒక దుర్మార్గుడి మాటలు నమ్మి ఇల్లు విడిచిపోతుంది. రైలు ప్రమాదంలో ముఖం గుర్తుపట్టలేనట్టు మారిపోతుంది. మారుపేరుతో తన పిల్లలకే పంతులమ్మగా తిరిగి వచ్చి, అమ్మనని చెప్పుకోలేక కుమిలిపోయి చచ్చిపోతుంది. భర్తకు ఈలోపు రెండో పెళ్లయింది, అతని పరువుకు ఢోకా లేదు. ఈ నవల రాతప్రతిని అచ్చువేయొద్దని ఒక ప్రచురణ సంస్థకు సలహా ఇచ్చింది నవలాకారుడు జార్జ్ మెరెడిత్. తర్వాత అది లక్షల్లో అమ్ముడుపోయింది, దశాబ్దాల పాటు నాటకంగా ఆడింది, మూకీల కాలంలో సినిమాలుగా వచ్చింది. దాన్ని చదివి ఇంగ్లండు కన్నీరు కార్చే రోజుల్లోనే జేన్ ఎడారిలో గుర్రపుస్వారీ చేస్తోంది.

ఆ చట్టం మన దాకా

చివరగా మనకు సంబంధించిన సంగతి. 1857లో ఇంగ్లండు విడాకుల కోర్టు పెట్టినప్పుడు ఒక మెలిక పెట్టింది. భార్య పరాయి మగాడితో తిరిగిందని రుజువైతే చాలు, భర్తకు విడాకులు. భార్య అడగాలంటే భర్త తిరిగితే చాలదు, దానికి తోడు కొట్టి హింసించడమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, మరో పెళ్లి చేసుకోవడమో వంటిది కూడా చూపించాలి. ఇదే మెలికను 1869 నాటి భారతీయ విడాకుల చట్టం పదో సెక్షన్‌లోకి ఎక్కించారు. అది వర్తించింది మన దేశపు క్రైస్తవులకు. గుంటూరులో ఒక క్రైస్తవ భార్య కోర్టుకెళ్తే ఎలెన్‌బరో తరం దొరల కొలబద్దే ఆమెకు దిక్కయ్యేది. ఇంగ్లండు ఆ తేడాను 1923లో తీసేసింది. మన దగ్గర అది స్వాతంత్ర్యం వచ్చాక కూడా అలాగే ఉండిపోయింది. 1995లో కేరళ హైకోర్టు ఆ సెక్షన్‌లో కొంత భాగం చెల్లదని చెప్పింది. పార్లమెంటు సవరణ చేసి, భార్యాభర్తలకు ఒకే రకం కారణాలు ఇచ్చింది 2001లో.